ఆడిన అమ్మాయే ఆట నేర్పితే: పాట్ సమిట్ జీవితం మన కళాశాలలకు చెప్పే సంగతి

సంపాదకులకు నమస్కారాలు.

2025 నవంబరు 2న నవీ ముంబయిలో మన మహిళా క్రికెట్ జట్టు దక్షిణాఫ్రికాను ఓడించి ప్రపంచకప్ గెలిచినప్పుడు, కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి గురించి తెలుగు పత్రికలన్నీ ఎంతో ఆప్యాయంగా రాశాయి. ఆడపిల్లల ఆటకు మొదటి పేజీలో చోటు దొరకడం నా వయసు వాళ్లకు చిన్న విషయం కాదు. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చిన అమోల్ మజుందార్ మీద నాకు అపారమైన గౌరవం ఉంది. భారత్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాకపోయినా, తనకు దక్కనిదాన్ని ఆ అమ్మాయిల చేతికి అందించిన మనిషి ఆయన. అయితే ఆ వ్యాసాలన్నీ చదివాక నాలో ఒక ప్రశ్న మిగిలిపోయింది. గత ముప్పై నలభై ఏళ్లలో మన కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో బాస్కెట్‌బాల్, వాలీబాల్, ఖోఖో, కబడ్డీ, హాకీ ఆడి, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల దాకా వెళ్లి వచ్చిన వేలాది అమ్మాయిలు నేర్చుకున్న ఆట ఏమైంది? అది ఎవరికి చేరింది?

మహిళా కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా గుర్తుకువచ్చే పేరు పాట్ సమిట్. అమెరికాలోని టెనెసీ విశ్వవిద్యాలయం మహిళల బాస్కెట్‌బాల్ జట్టుకు ఆమె 1974 నుంచి 2012 వరకు, వరసగా 38 సీజన్లు ప్రధాన కోచ్‌గా ఉన్నారు. ఆమె జట్లు 1,098 మ్యాచ్‌లు గెలిచి 208 మాత్రమే ఓడాయి, ఎనిమిదిసార్లు జాతీయ విజేతలుగా నిలిచాయి. ఈ అంకెలు ఎక్కడైనా దొరుకుతాయి. ఒక కళాశాల క్రీడాకారిణి కోచ్‌గా ఎలా మారింది, ఆ మార్పులో కళాశాల పాత్ర ఎంత అన్నది మాత్రం మన క్రీడా పేజీల్లో నేను చదవలేదు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ఆమె 1952 జూన్ 14న టెనెసీ రాష్ట్రంలోని క్లార్క్స్‌విల్‌లో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు పాట్రీషియా సూ హెడ్. తండ్రి రిచర్డ్ హెడ్‌కు పాడి, పొగాకు సేద్యం ఉండేవి. పొగాకు పండించే ఇంట్లో పిల్లలకు ఎంత పని ఉంటుందో మా ఒంగోలు ప్రాంతం వారికి వేరే చెప్పనక్కర్లేదు. ఐదుగురు సంతానంలో ఆమె నాలుగోది, పైన ముగ్గురూ అన్నలే. పగలంతా పొలం పని, రాత్రి కొట్టం అటక మీద గడ్డిమోపుల మధ్య బిగించిన బుట్టలోకి అన్నలతో పోటీపడి బంతి వేయడం, ఇదీ ఆమె చిన్నతనం. హైస్కూలుకు వచ్చేసరికి క్లార్క్స్‌విల్‌లో అమ్మాయిలకు జట్టు లేదని తెలిసింది. తండ్రి కూతురి చేత ఆట మాన్పించలేదు. అమ్మాయిల జట్టు ఉన్న పాఠశాల కోసం కుటుంబాన్ని పక్క కౌంటీలోని హెన్రియెట్టా అనే పల్లెకు మార్చాడు. పిల్లలను మెచ్చుకుంటూ ఒక్క మాట కూడా అనని, నవ్వే అలవాటు లేని తండ్రి అని అందరూ చెప్పే ఆ రైతు, కూతురి ఆట కోసం ఇల్లే మార్చడం నన్ను ఎంతో కదిలించిన విషయం.

1970లో ఆమె టెనెసీ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ కళాశాలలో చేరారు. అన్నలకు ఆటల స్కాలర్‌షిప్‌లు వచ్చాయి కానీ ఆమెకు రాలేదు. ఆమె ఆట తక్కువై కాదు, అప్పట్లో అమ్మాయిలకు అలాంటి స్కాలర్‌షిప్‌లే లేవు. అందువల్ల ఆమె చదువు ఖర్చు తల్లిదండ్రులే భరించారు. ప్రభుత్వ నిధులు అందుకునే విద్యాసంస్థల్లో స్త్రీపురుష వివక్ష ఉండకూడదని చెప్పే చట్టం, అక్కడ టైటిల్ నైన్ అని పిలిచేది, 1972 జూన్‌లో వచ్చింది. అంటే ఆమె కళాశాల జీవితంలో సగం ఆ చట్టానికి ముందు, సగం తరవాత గడిచింది. చట్టం కాగితం మీదకు వచ్చినంత మాత్రాన మైదానంలో మార్పు రాదు గనక, చివరి ఏడాది దాకా ఆమె జట్టుకు దక్కినవి అరకొర వసతులే. ఆ వసతులతోనే ఆమె 1973లో మాస్కోలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో అమెరికా తరఫున ఆడి రజతం గెలిచారు. చివరి ఏడాది మోకాలి స్నాయువు తెగింది. ఇక ఆట కట్టిపెట్టాలన్న ధోరణిలో డాక్టరు మాట్లాడినప్పుడు, మోకాలు సరిచేయండి, మా అమ్మాయి ఒలింపిక్స్‌కు వెళ్లాలి అన్న అర్థం వచ్చేలా తండ్రి జవాబు చెప్పాడంటారు.

ఆమె కోచ్ అయిన తీరు నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. 1974లో డిగ్రీ చేతికి రాగానే ఆమె నాక్స్‌విల్‌లోని టెనెసీ విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్యలో మాస్టర్స్ చదవడానికి, దానితో పాటు మహిళల జట్టుకు సహాయకురాలిగా ఉండడానికి ఒప్పుకున్నారు. ఇంతలో ప్రధాన కోచ్ డాక్టరేట్ కోసం సెలవు పెట్టారు. విశ్వవిద్యాలయం ఆ బాధ్యతను 22 ఏళ్ల ఈ అమ్మాయికి అప్పగించింది. జట్టులో కొందరు ఆమె కన్నా ఒక్క ఏడాదే చిన్నవాళ్లు. జీతం నెలకు 250 డాలర్లు. జట్టు వ్యాను తనే నడిపారు, ఆటగాళ్ల దుస్తులు తనే ఉతికారు. ఆ దుస్తులు కూడా అంతకుముందు డోనట్లు అమ్మి పోగుచేసిన డబ్బుతో కొన్నవే. హోటల్ గదులకు డబ్బు లేక ఒకసారి ప్రత్యర్థి జట్టు జిమ్‌లోనే పరుపులు పరుచుకుని పడుకున్నారు. 1974 డిసెంబరు 7న ఆడిన మొదటి మ్యాచ్‌లో మెర్సర్ జట్టు చేతిలో 84-83తో, ఒక్క పాయింటుతో ఓడిపోయారు. ఆ మ్యాచ్ చూడటానికి వచ్చినవారు యాభై మందికి కాస్త పైన. ఆ ఏడాది మొత్తానికి 16 గెలుపులు, 8 ఓటములు.

అదే రోజుల్లో ఆమె తన మాస్టర్స్ పాఠాలు చదివేవారు, విద్యార్థులకు వ్యాయామ విద్య తరగతులు చెప్పేవారు, శస్త్రచికిత్స జరిగిన మోకాలిని దారికి తెచ్చుకుంటూ ఒలింపిక్ జట్టులో చోటు కోసం తనూ సాధన చేసేవారు. ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్ మొట్టమొదటిసారి ప్రవేశించింది 1976 మాంట్రియల్ క్రీడల్లో. అమెరికా జట్టుకు ఇద్దరు కెప్టెన్లలో ఒకరుగా ఆమె అక్కడ రజత పతకం గెలిచారు. ఎనిమిదేళ్ల తరవాత, 1984 లాస్ ఏంజిలిస్ క్రీడల్లో, అదే అమెరికా మహిళల జట్టు మొదటి స్వర్ణం గెలిచినప్పుడు కోచ్ ఆమే. ఆటగత్తెగా ఒకటి, గురువుగా ఒకటి, రెండు ఒలింపిక్ పతకాల వెనుకా ఒకే విశ్వవిద్యాలయం ఇచ్చిన ఒక చిన్న ఉద్యోగం ఉంది. ఆ నెలకు 250 డాలర్ల ఉద్యోగం లేకపోతే ఆమె ఏ పాఠశాలలోనో పాఠాలు చెప్పుకుంటూ, ఆటను సెలవు రోజుల వ్యాపకంగా మార్చుకుని ఉండేవారేమో. మన దగ్గర నేను చూసిన ఎందరో మంచి క్రీడాకారిణుల విషయంలో జరిగింది సరిగ్గా అదే.

గెలుపుల లెక్కల్లో కనబడని మరో పని ఆమె చేశారు. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1970ల్లో టెనెసీ రాష్ట్రంలోని హైస్కూళ్లలో అమ్మాయిలు ఐదుగురి ఆట ఆడేవారు కాదు, ఆరుగురి ఆట ఆడేవారు. ముగ్గురు కోర్టులో ఒక సగంలో ఉండి రక్షణ మాత్రమే చూడాలి, మిగతా ముగ్గురు రెండో సగంలో ఉండి బంతి బుట్టలో వేయాలి. మధ్య గీత ఎవరూ దాటకూడదు. కోర్టు ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తితే అమ్మాయిల ఒళ్లు తట్టుకోలేదన్న పాత నమ్మకం దీని వెనుక ఉంది. రక్షణ వైపు నిలబడిన అమ్మాయి నాలుగేళ్లు ఆడినా ఒక్కసారి కూడా బుట్టలోకి బంతి వేసే పని ఉండదు. అలాంటి అమ్మాయిని ఏ కళాశాల ఏ ప్రాతిపదిక మీద ఎంచుకుంటుంది? ఒక విద్యార్థిని ఈ నియమం మీద న్యాయస్థానానికి వెళ్లింది. పాట్ సమిట్ ఆ నియమానికి వ్యతిరేకంగా బహిరంగంగా నిలబడ్డారు. అంతటితో ఆగకుండా, నియమం మారేదాకా సొంత రాష్ట్రపు అమ్మాయిలను తన జట్టులోకి తీసుకోలేనని కూడా చెప్పారు. అప్పటికి ఆమె ఇంకా ముప్పై ఏళ్లు నిండని, పెద్ద పేరేమీ లేని కోచ్. ఆ మాట ఎందరు స్థానికుల మనసు నొప్పించి ఉంటుందో ఊహించుకోవచ్చు. కోర్టు తీర్పు చివరికి ఆ విద్యార్థినికి అనుకూలంగా రాకపోయినా, 1979లో రాష్ట్ర పాఠశాలల క్రీడా సంఘమే నియమాన్ని మార్చి అమ్మాయిలకూ ఐదుగురి ఆటను తెచ్చింది. ఆ నియమం కింద ఆడి పెరిగిన మనిషి గనకే దానివల్ల ఏం నష్టమో ఆమె అంత కచ్చితంగా చెప్పగలిగారని నా నమ్మకం. కోచ్ కుర్చీలో ఆడిన అమ్మాయి ఉండాలని నేను అనడానికి ఇది ఒక బలమైన కారణం.

చదువు విషయంలో ఆమె పెట్టిన నియమాలు మన కళాశాలలన్నీ తెలుసుకోదగ్గవి. ఆమె జట్టులోని అమ్మాయిలు తరగతిలో మొదటి మూడు వరుసల్లోనే కూర్చోవాలి. సరైన కారణం లేకుండా తరగతి ఎగ్గొట్టడం కుదరదు. ఇలా చేసినందుకు ఫలితం ఏమిటంటే, ఆమె దగ్గర తమ క్రీడార్హత కాలం, అంటే కళాశాల జట్టులో ఆడటానికి అనుమతి ఉన్న కాలం, పూర్తిచేసిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పట్టా పుచ్చుకుంది. 38 ఏళ్లలో ఒక్కరు కూడా దీనికి మినహాయింపు కాదు. ఎనిమిది జాతీయ విజయాలకన్నా ఇది పెద్ద విషయమని నేను అనుకుంటాను. మన దగ్గర క్రీడా కోటాలో చేరిన అమ్మాయికి హాజరు సర్దుబాటు చేయడం, పరీక్షలకు ఎలాగోలా కూర్చోబెట్టడం ఒక సాయంగా భావిస్తాం. నేనూ ఉద్యోగంలో ఉన్నప్పుడు అలాంటి సర్దుబాట్ల కోసం ప్రిన్సిపాళ్ల గదుల ముందు నిలబడ్డదాన్నే, అప్పటి పరిస్థితుల్లో వేరే దారి కనబడలేదు కూడా. కానీ మొదటి వరుసలో కూర్చోమని చెప్పే కోచ్ ఆ అమ్మాయికి చేసే మేలు వేరు. ఆట పాతికేళ్లకో ముప్పై ఏళ్లకో ముగుస్తుంది. ఆ తరవాత ఆమెను ఒక ఉద్యోగానికి, ఒక కోచింగ్ పదవికి అర్హురాలిని చేసేది ఆ చదువే.

ఆమె కఠినురాలు. ఆమె చూపు గురించి ఆడిన అమ్మాయిలు ఇప్పటికీ చెప్పుకుంటారు. తప్పు చేసి బెంచీ వైపు తిరిగితే ఆ నీలి కళ్లు ఎదురయ్యేవి, కేక వేయాల్సిన అవసరమే ఉండేది కాదంటారు. ఆ కాలపు కఠిన పద్ధతులన్నిటినీ ఇప్పుడు మనం తెచ్చి పెట్టుకోవాలని నేను అనను. అందరి ముందూ గద్దించి పిల్లల చేత పని చేయించే పద్ధతి మన మైదానాల్లో ఇప్పటికే కావలసినదానికన్నా ఎక్కువ ఉంది. అయితే ఆ కాఠిన్యం పక్కనే ఒక శ్రద్ధ ఉండేదన్నది మరచిపోకూడదు. పుట్టుకతోనే వినికిడి లోపం ఉన్న టమీకా క్యాచింగ్స్ అనే అమ్మాయి, చిన్నప్పుడు తోటివాళ్లు వెక్కిరించారని వినికిడి యంత్రాలను పారేసి, ఏళ్ల తరబడి పెదవుల కదలికలు చదువుకుంటూ నెట్టుకొచ్చింది. టెనెసీకి వచ్చాక ఆమెను మళ్లీ యంత్రాలు పెట్టుకోవడానికి ఒప్పించినవారిలో పాట్ సమిట్ ఒకరు. నీ లోపం దాచుకోవాల్సినది కాదు, నీ తరవాత వచ్చే పిల్లలకు ధైర్యం ఇచ్చేది అన్న దృష్టిని ఆమెకు కలిగించారు. క్యాచింగ్స్ తరవాత ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు గెలిచింది.

విజయాలు ఆమెకు వెంటనే రాలేదని కూడా చెప్పాలి, ఎందుకంటే మన సంస్థలు రెండేళ్లలో పతకం రాకపోతే కోచ్‌ను మార్చే అలవాటులో ఉన్నాయి. ఆఖరి నాలుగు జట్లలో ఎన్నోసార్లు నిలిచి కూడా ఆమె జట్టు జాతీయ విజేత కాలేకపోయింది. పదమూడో సీజన్‌లో, 1987లో, లూసియానా టెక్ జట్టును ఓడించి మొదటి టైటిల్ అందుకుంది. ఆ పదమూడేళ్లూ విశ్వవిద్యాలయం ఆమెను నమ్మింది. తరవాత 1989, 1991, ఆపైన 1996, 1997, 1998ల్లో వరసగా మూడు, మళ్లీ 2007, 2008. వీటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది 1997 టైటిల్. ఆ ఏడాది జట్టు పది మ్యాచ్‌లు ఓడింది. పది ఓడిన జట్టు విజేత అవుతుందని ఎవరూ అనుకోలేదు. ఆ మరుసటి ఏడాది అదే జట్టు కొత్తగా వచ్చిన క్యాచింగ్స్ వంటి పిల్లలతో కలిసి ఆడిన 39 మ్యాచ్‌లూ గెలిచింది.

ఆమె పట్టుదల ఎలాంటిదో చెప్పే సంఘటన ఒకటి ఉంది. 1990 సెప్టెంబరులో నిండు గర్భిణిగా ఉండి, మిషెల్ మార్సినియాక్ అనే మంచి క్రీడాకారిణిని టెనెసీలో చేరమని అడగడానికి పెన్సిల్వేనియాలో ఆమె ఇంటికి విమానంలో వెళ్లారు. అక్కడే నొప్పులు మొదలయ్యాయి. చెప్పదలచుకున్నది చెప్పి ముగించాకే లేచారు. తిరుగు ప్రయాణంలో పైలట్ దారిలో వర్జీనియాలో దిగుదామంటే వద్దన్నారు, ఆ ఏడాది మార్చిలో తన జట్టును ఓడించింది వర్జీనియాయే మరి. కొడుకు టైలర్ నాక్స్‌విల్‌లోనే పుట్టాడు. ఇంతా చేస్తే ఆ అమ్మాయి మొదట వేరే విశ్వవిద్యాలయంలో చేరింది, ఏడాది తరవాత మనసు మార్చుకుని టెనెసీకి వచ్చింది, 1996 టైటిల్ గెలిచిన జట్టుకు ఆమె కీలకమైంది. ఏ గర్భిణీ ఇంతటి సాహసం చేయాలని నేను కోరుకోను. అయితే పెళ్లి, పిల్లలు అనగానే మహిళా కోచ్ పని అయిపోయినట్టే అని తీర్మానించే నియామక సంఘాల సభ్యులు ఈ సంగతి ఒకసారి చదవాలని కోరుకుంటాను. ఆ కొడుకును పెంచుకుంటూనే ఆమె ఎనిమిది టైటిళ్లలో ఆరు గెలిచారు: 1991 నుంచి 2008 దాకా వచ్చినవన్నీ అవే.

తన విశ్వవిద్యాలయమే పురుషుల జట్టు పగ్గాలు తీసుకుంటారా అని రెండుసార్లు ఆమె మనసు కదిపి చూసింది. ఆమె ఒప్పుకోలేదు. పురుషుల జట్టుకు వెళ్లడం పదోన్నతి అని ఎందుకు అనుకోవాలన్నది ఆమె వాదన. 2006లో కుదిరిన ఒప్పందంతో, ఏడాదికి పది లక్షల డాలర్లకు పైగా అందుకున్న మొదటి మహిళల బాస్కెట్‌బాల్ కోచ్ ఆమే అయ్యారు. నెలకు 250 డాలర్ల నుంచి అక్కడికి చేరడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. 1972లో ఆ చట్టం వచ్చేనాటికి అమెరికా కళాశాలల్లో మహిళల జట్లలో నూటికి తొంభైకి పైగా జట్లకు మహిళలే కోచ్‌లు. చట్టం వల్ల అమ్మాయిల ఆటకు నిధులు, జీతాలు పెరిగాయి. జీతాలు పెరిగిన కొద్దీ ఆ కుర్చీలు మగవారికి ఆకర్షణీయం అయ్యాయి, నియామకాలు చేసే క్రీడా విభాగాల అధిపతులు కూడా ఎక్కువగా మగవారే. తరవాతి దశాబ్దాల్లో మహిళా కోచ్‌ల వాటా సగానికి దిగువకు పడిపోయింది. ఆడే అమ్మాయిలు ఎన్నో రెట్లు పెరిగారు, నేర్పే మహిళల వాటా తగ్గింది. డబ్బు లేని రోజుల్లో వ్యాను నడిపి, దుస్తులు ఉతికి ఆటను నిలబెట్టినవారు డబ్బు వచ్చాక బయట మిగిలిపోవడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా? మన దేశంలో అమ్మాయిల ఆటకు ఇప్పుడిప్పుడే డబ్బు వస్తున్నది గనక, ఆ దేశం పడ్డ తప్పుదారిలో మనం పడకముందే ఈ మాట మాట్లాడుకోవడం మంచిది.

పాట్ సమిట్ ఈ ప్రవాహానికి ఎదురు నిలిచింది ఉపన్యాసాలతో కాదు, తన దగ్గర ఆడిన అమ్మాయిలను కోచ్‌లుగా తయారుచేసి. హోలీ వార్లిక్ మొదట పరుగు పందేల స్కాలర్‌షిప్ మీద టెనెసీకి వచ్చిన అమ్మాయి. బాస్కెట్‌బాల్‌లో ఆమె దగ్గర ఆడి, 1985 నుంచి ఆమెకే సహాయకురాలిగా 27 ఏళ్లు పనిచేసి, చివరికి ఆమె కుర్చీలో కూర్చుంది. వరస మూడు టైటిళ్ల జట్టులో ఆడిన కెల్లీ హార్పర్ 2019 నుంచి 2024 దాకా అదే జట్టుకు ప్రధాన కోచ్‌గా పనిచేసింది. నిక్కీ ఫార్గాస్ రెండు పెద్ద విశ్వవిద్యాలయాల జట్లకు కోచ్‌గా ఉండి, ఇప్పుడు లాస్ వేగాస్‌లోని వృత్తి క్రీడా జట్టు అధ్యక్షురాలు. పాట్ సమిట్ జట్టుకు ప్రత్యర్థులుగా ఆడినవారూ ఈ దారిలోనే వచ్చారు. 1991 ఫైనల్‌లో టెనెసీ చేతిలో అదనపు సమయంలో ఓడిన వర్జీనియా జట్టులో ఆడిన డాన్ స్టేలీ, తరవాత దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయం కోచ్‌గా 2017, 2022, 2024ల్లో జాతీయ టైటిళ్లు గెలిచింది, టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జట్టుకు స్వర్ణం తెచ్చింది. పాట్ సమిట్ గెలుపుల సంఖ్యను 2020 డిసెంబరులో దాటిన టారా వాన్‌డర్వీర్ కూడా కళాశాలలో ఆడి కోచ్ అయిన మహిళే. ఒక చెట్టు విత్తనాలు నాలుగు దిక్కులా మొలిచినట్టు, ఆ ఒక్క నియామకం ఎందరికి దారి చూపిందో ఆలోచించండి.

2011లో పాట్ సమిట్‌కు చిన్న వయసులోనే వచ్చే అల్జీమర్స్ వ్యాధి ఉన్నట్టు తేలింది. ఆమె దాన్ని దాచలేదు. ఆగస్టులో అందరికీ తెలియజేసి, సహాయకుల తోడుతో మరో సీజన్ జట్టుతోనే ఉన్నారు. 2012 ఏప్రిల్‌లో బాధ్యతలు వదిలారు. ఆ ఏడాదే అమెరికా అధ్యక్షుడు ఒబామా ఆమెకు ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చారు. తన పేరు మీద సంస్థ పెట్టి ఆ వ్యాధి పరిశోధనకు నిధులు సేకరించారు. 2016 జూన్ 28న, 64 ఏళ్ల వయసులో కన్నుమూశారు. వెయ్యికి పైగా మ్యాచ్‌ల ఎత్తుగడలను మనసులో మోసిన మనిషికి ఆ వ్యాధి రావడం తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

మన దగ్గర ఇలాంటి మహిళలు లేరని నేను అనడం లేదు. సికింద్రాబాద్‌కు చెందిన పూర్ణిమా రావు భారత మహిళా క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గానూ, తరవాత కోచ్‌గానూ పనిచేశారు. 2005 ప్రపంచకప్ ఫైనల్‌లో ఆడిన నూషీన్ అల్ ఖదీర్ కోచ్‌గా ఉన్నప్పుడే మన అమ్మాయిలు 2023లోనూ, 2025లోనూ 19 ఏళ్లలోపు వారి ప్రపంచకప్ గెలిచారు. ఆ రెండు జట్లలోనూ భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష ఆడింది, రెండోసారి టోర్నీ మొత్తానికి ఉత్తమ క్రీడాకారిణి అయింది. సిడ్నీ ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యారు. అయితే వీరంతా దేశం తరఫున ఆడి పేరు తెచ్చుకున్నవారు. గోపీచంద్ గారి అకాడమీ వంటివి కూడా ఒక మహా క్రీడాకారుడి సొంత పూనికతో వచ్చినవి. నేను అడుగుతున్నది వారి తరవాతి మెట్టు గురించి: దేశం తరఫున ఆడకపోయినా, విశ్వవిద్యాలయం తరఫున నాలుగేళ్లు బాగా ఆడి, ఆటను అర్థం చేసుకున్న అమ్మాయి గురించి. ఆమె డిగ్రీ చేతికి రాగానే, రైల్వేలోనో పోలీసు శాఖలోనో క్రీడా కోటాలో ఉద్యోగం వస్తే అదృష్టవంతురాలు, రాకపోతే పెళ్లి, సంసారం. రెండు సందర్భాల్లోనూ ఆమెకు తెలిసిన ఆట ఆమెతోనే ఆగిపోతుంది. నా దగ్గర ఆడిన అమ్మాయిల్లో కోచ్‌లు కాగలిగినవారు ఎందరో ఉన్నారు. వారిని ఆ దారిలో నిలబెట్టే చిన్న ఉద్యోగం ఒక్కటి కూడా నేను పనిచేసిన చోట చూపించలేకపోయాం.

కాబట్టి నా విజ్ఞప్తి ఇది. ప్రతి విశ్వవిద్యాలయం, ప్రతి పెద్ద మహిళా కళాశాల, తమ జట్టులో ఆడి డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయిల్లో ఏడాదికి ఒకరిద్దరిని, పై చదువు చదువుకుంటూనే సహాయ కోచ్‌గా పనిచేసేలా ఒక చిన్న వేతనంతో ఉంచుకోవాలి. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా చేయడానికి వారిలో అర్హులను పంపాలి. అమ్మాయిల జట్టుతో ప్రయాణించే కోచ్ లేదా సహాయ కోచ్ మహిళ అయి ఉండాలన్న నియమాన్ని కాగితం మీద మాత్రమే ఉంచి, ఆటకు సంబంధం లేని ఉద్యోగినిని రక్షకురాలి పేరుతో పంపడం మానాలి. పెద్ద బడ్జెట్లు అక్కరలేని పనులివి.

మీ పత్రికను అడిగేది కూడా ఒకటుంది. ఈ ఏడాది అంతర్ విశ్వవిద్యాలయ మహిళల బాస్కెట్‌బాల్ పోటీలు జరిగినప్పుడు, మీ విలేకరి విజేతల పేర్లతో పాటు ప్రతి జట్టు కోచ్ పేరు, ఆ కోచ్ ఎక్కడ ఆడారో కూడా రాయాలి. ఐదేళ్ల కిందట ఇవే పోటీల్లో ఫైనల్ ఆడిన మన అమ్మాయిలు ఇప్పుడు ఏం చేస్తున్నారో, వారిలో ఎవరికైనా ఆట నేర్పే ఉద్యోగం దొరికిందో లేదో కనుక్కుని ఒక కథనం ప్రచురించాలి. ఆ వివరాలు సేకరించడంలో నాకు తెలిసిన పూర్వ క్రీడాకారిణులతో మాట్లాడించి సాయం చేయడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్,
ఒంగోలు